చలికాలపు నీళ్ళు

షేక్‌పేటలో నేను జుట్టు కత్తిరించుకునే దుకాణంలో గోడకు ఒక టీవీ ఉంటుంది. మొన్న ఆదివారం మెడకు గుడ్డ కట్టించుకుని కూర్చుంటే, ఎదుటి అద్దంలో ఆ టీవీ కనిపించింది. ఏదో పాత సినిమా పాట వస్తోంది. నీళ్ళ మీద పరిచిన అద్దపు నేల, దాని కింద నీలం దీపాలు, పైన తెల్లబట్టలు వేసుకున్న అమ్మాయిల గుంపు. నాయిక తిరుగుతూ తిరుగుతూ గాజుగోడ దాకా వెళ్ళి, అక్కడ వేలాడుతున్న ఒక తెరను పట్టుకుని వెనక్కి చూసింది. ఆ తెర ఆకుపచ్చ గళ్ళ నేతచీర. పైభాగం మడిచి ఇనపకమ్మీకి దూర్చి, కింద అంచు చేత్తో కుట్టారు. ఆ వంకర కుట్టు నాకు తెలుసు.

తల ఎత్తాను.

"కదలకన్నా, చెవు తెగుతది," అన్నాడు కత్తెర పట్టుకున్నతను. "ఏమైంది, తెలిసినోళ్ళా?"

"అది మా అత్తమ్మ చీర."

అతను టీవీ వైపు చూశాడు. నాయికను చూసి, నన్ను చూసి, పెద్దగా నవ్వాడు. "మస్తు మజాక్ జేస్తవన్నా నువ్వు!"

పాట అయిపోయింది. ఇంటికి వచ్చి తలస్నానం చేసి, అన్నం తిని కూర్చున్నాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడైనా వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆవిడ మాటలు మాత్రం ఒక్కొక్కటే వచ్చాయి.

ఆవిడ నాతో నేరుగా మాట్లాడేది కాదు.

వాళ్ళది తణుకు వైపు కాలువగట్టు ఊరు. నేను షేక్‌పేటలో పుట్టి పెరిగినవాణ్ణి. సుజాతా నేనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. తరువాత నేను సొంతంగా కంపెనీ పెట్టాను. ఎవరు కంపెనీ పెట్టినా నడిచిన రోజులవి. నాదీ నడిచింది. జూబ్లీహిల్స్‌లో రాళ్ళగుట్ట వాలున ఇల్లు కట్టాను. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చేసింది. వాళ్ళ పద్ధతిలో అత్తగారు అల్లుడి ఎదుట కూర్చోదు, అల్లుణ్ణి నేరుగా ఏదీ అడగదు. మా ఇంటికొచ్చినా ఆ పద్ధతి మానలేదు. భోజనాల బల్ల దగ్గర నేను ఎదురుగానే ఉండేవాణ్ణి. ఆవిడ గోడవారగా నిలబడి, "సుజాతా, అల్లుడుగారికి మజ్జిగ కావాలేమో కనుక్కోవే," అనేది.

"అత్తమ్మా, నేను గీడనే ఉన్న గదా. నన్నే అడుగుండ్రి."

"సుజాతా, అల్లుడుగారు ఏదో అంటున్నారు."

"ఆయన్నే అడగమంటున్నారమ్మా."

"అయ్యో, అలా ఎలా కుదురుతుందే? కావాలో వద్దో చెప్పమను. గిన్నె పట్టుకుని చెయ్యి లాగుతోంది."

మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరువాత అలవాటైంది. ఆ తరువాత అది నాకు చాలా సౌకర్యంగా ఉందని తెలిసింది. నేరుగా అడగని మనిషికి నేరుగా జవాబు చెప్పక్కర్లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగిలినదంతా దీనిలోంచే వచ్చింది.

మోకాళ్ళు ఆవిడకు ఎప్పుడో అరిగిపోయాయి. గదిలో నడవాలంటే ఒక చెయ్యి గోడకు ఆనించి పక్కపక్కకు జరిగేది. మెట్లు వెనక్కి తిరిగి దిగేది, అటక మీంచి నిచ్చెన దిగినట్టు. దిగుతూ ప్రతి మెట్టునూ తిట్టేది. "నేలకి నా మీద పగే," అనేది. అది మూలుగులా ఉండేది కాదు. పక్కింటావిడ మీద చాడీ చెప్తున్నట్టుండేది.

మా వీధిలో అప్పుడు ఇల్లు కట్టిన ప్రతివాడూ స్విమ్మింగ్‌పూల్ కట్టాడు. ఈతొచ్చినవాడు ఒక్కడూ నాకు తగల్లేదు. నాకూ రాదు. మా ఇంటి వెనక, బండరాయి తొలిచి కట్టిన పూల్ నీలంగా ఖాళీగా ఉండేది. ఆవిడ వచ్చిన కొత్తల్లో దాని దగ్గరికి వెళ్ళి, కష్టపడి వంగి, దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని వాసన చూసింది. నీళ్ళు ఎక్కడ కనిపించినా అలా వాసన చూడటం ఆవిడ అలవాటు. హోటల్లో గ్లాసు నీళ్ళు పెట్టినా అంతే.

"ఇదేంటే, ఆస్పత్రి వాసనొస్తోంది?"

"మందు కలుపుతారమ్మా, పురుగు పట్టకుండా," అంది సుజాత.

"ఎవరు ఈదుతారు?"

"ఎవరూ ఈదరు."

"మరి పొద్దున్నే ఆ మనిషి వచ్చి వలేసి ఆకులు తీస్తున్నాడు?"

"తియ్యకపోతే పాడైపోతుంది కదా."

ఆవిడ నా వైపు చూడకుండా నా గురించే ఆలోచించి, "ఎవరూ దిగని నీళ్ళకి ఎంత సేవో!" అంది.

ఒక మధ్యాహ్నం మరిచిపోయిన కాగితాల కోసం ఇంటికి వచ్చాను. పైగది కిటికీలోంచి చూస్తే పూల్లో ఆవిడ ఉంది. చీర గోచీపోసి బిగించి కట్టుకుంది. వెల్లకిలా తేలుతూ, కళ్ళు మూసుకుని, కాళ్ళు మాత్రం మెల్లగా ఆడిస్తోంది. తరువాత నిలబడింది. నిలబడి నడిచింది. గోడ పట్టుకోలేదు, పక్కకు జరగలేదు. గుండెలోతు నీళ్ళలో చేతులు రెండూ ఊపుకుంటూ, సంతకు వెళ్తున్న మనిషిలా చరచరా నడిచి అవతలి గట్టు తాకి తిరిగి వచ్చింది. ఆవిడ పొడగరి అని నాకు అప్పుడే తెలిసింది. నేను వెనక్కి జరిగాను. మెట్ల మీద చప్పుడు చెయ్యకుండా దిగి వెళ్ళిపోయాను.

అయినా ఆవిడకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం సుజాత నవ్వాపుకుంటూ, "అమ్మ ఒక మాట చెప్పమంది. ఇక నుంచి నువ్వు ఇంటికి వచ్చేటప్పుడు కింద మలుపు దగ్గర హారన్ కొట్టాలట," అంది. కొట్టేవాణ్ణి. మా గేటు తీసే యాదగిరికి ఇది అంతుపట్టక, "ఏంది సార్, గాడ్నుంచే కొడుతున్రు, గేటు తీసే ఉంచిన గదా," అనేవాడు.

కార్తీకం వచ్చేసరికి నీళ్ళు చల్లబడ్డాయి. గుట్ట మీద ఇల్లు, రాయిలో తొలిచిన పూల్. పొద్దెక్కినా నీళ్ళకు వేడి పట్టేది కాదు. ఒకరోజు దిగి, పళ్ళు టకటకలాడుతుంటే వెంటనే ఎక్కేసింది. ఎక్కి తల తుడుచుకుంటూ, "మా కాలువ వేసవిలో కట్టేస్తారు. మీ పూల్‌నేమో చలికాలం కట్టేస్తుంది. ఏ ఊరెళ్ళినా ఏదో ఒక కాలానికి నన్ను గట్టెక్కిస్తారు," అంది.

చలి ఒక్కటే కాదు. మా పైన గుట్ట మీది బంగళాను సీరియల్ షూటింగులకు అద్దెకు ఇచ్చేవారు. లైట్లు పట్టేవాళ్ళు టీ తాగడానికి పిట్టగోడ దగ్గరికి వచ్చేవారు. అక్కణ్ణుంచి మా పూల్ అరచేతిలో గీతలా కనిపిస్తుంది. ఒకరోజు ఆవిడ తేలుతుంటే పైనుంచి ఎవడో, "పెద్దమ్మా, సూపర్!" అని చప్పట్లు కొట్టాడు. వాడు మెచ్చుకోడానికే కొట్టాడు. ఆవిడ మెడదాకా ముణిగి, వాళ్ళు వెళ్ళేదాకా అలాగే ఉండి, నీలబడిన పెదాలతో బయటికి వచ్చింది.

ఆ చలికాలమంతా ఆవిడ కుర్చీలో ఉంది. మోకాళ్ళు బిగిశాయి. ఎముకల డాక్టరు చూసి, మా ముగ్గురి ఎదుటే చెప్పాడు. "నీళ్ళలో నడిచినన్నాళ్ళూ కాళ్ళు సాగుతాయి. ఏడాది పొడుగునా నడవాలి. ఒక చలికాలం మానేస్తే ఈమాత్రం బిగిశాయి. ఇంకోటి మానేస్తే మళ్ళీ సాగుతాయని నేను చెప్పలేను." ఆపరేషన్ మాట ఎత్తితే ఆవిడ గుండె దానికి ఒప్పుకోదని కూడా చెప్పాడు. నేను విన్నాను. నాకు వినపడలేదని చెప్పుకునే వీలు లేదు.

పూల్ చుట్టూ గది కట్టించాలని సుజాత అంది. సరేనన్నాను. అంతవరకు నేను మంచివాణ్ణే.

గది కట్టింది ఫిలింనగర్‌లో ఉండే నా మిత్రుడు. సినిమాలకు సెట్లు వేసేవాడు. ఇళ్ళు కట్టేవాణ్ణి పిలవకుండా సెట్లు వేసేవాణ్ణి పిలవడం మా గుట్ట మీద అప్పట్లో అందరూ చేసే పనే. అందంగా, త్వరగా అయిపోతుంది. అతను ఇనపకమ్మీల మీద గాజుపలకలు నిలబెట్టాడు. పైన వంపు తిరిగిన పారదర్శకమైన కప్పు. ఇంటి వైపు నుంచి చూస్తే స్ఫటికంలా ఉండేది. వెనక వైపు, రాయి ఉన్న చోట, కెమెరాకు కనపడని సెట్టు వీపులాగా బోల్టులూ అతుకులూ కనిపించేవి. మేడ మీద ఎండకు నీళ్ళు కాగే పలకలు పెట్టించాం. గోరువెచ్చని నీళ్ళు గొట్టాల్లో దిగేవి.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "సుజాతా, ఆ అబ్బాయితో చెప్పు. ఒక్క సందు కూడా ఉండకూడదు. చీమ తొంగి చూడకూడదు."

"గాలి ఆడాలి కదమ్మా," అన్నాడు నా మిత్రుడు.

"గాలి నాకెందుకు నాయనా, నేను నీళ్ళలో ఉంటాను కదా."

అతనికి వాదన రాదు. తలెత్తు దాకా గాజుకూ, గుట్ట వైపు కప్పుకూ పాలరంగు పూయించి, ఉన్న కిటికీలన్నీ మూయించాడు. మొదటిరోజు ఆవిడ దిగింది. కాసేపటికి కప్పు నిండా చెమట పట్టింది. చుక్కలు రాలడం మొదలైంది. బయట ఎండ కాస్తుంటే లోపల వాన. అత్తగారు నడిమధ్యలో నిలబడి, మొహం పైకెత్తి, చుక్క నోట్లో పడితే రుచి చూసి, పగలబడి నవ్వింది. లోపలి నుంచే కేక పెట్టింది. "ఒసే సుజాతా! అల్లుడుగారు నాకు కప్పు వేయించారనుకున్నాను, మబ్బు వేయించారే!"

తరువాత గోడలకు కన్నాలు కొట్టి, గాలి లాగే ఫ్యాన్లు పెట్టించాల్సి వచ్చింది. ఫ్యాను కన్నం లోంచి ఎవరైనా చూస్తారని ఆవిడకు అనుమానం. పెట్టెలోంచి ఆకుపచ్చ గళ్ళ చీర ఒకటి తీసి, కుర్చీలో కూర్చుని అంచు కుట్టి, దానికి అడ్డంగా వేలాడదీయించింది. నా మిత్రుడు తల పట్టుకున్నాడు. "స్ఫటికం లాంటి గదిలో పాత చీరా!" అన్నాడు. కానీ తియ్యడానికి అతనికీ ధైర్యం చాలలేదు.

మరుసటి చలికాలమంతా ఆవిడ రోజూ నీళ్ళలో ఉంది. వంట చేసే యాదమ్మ యూసుఫ్‌గూడ నుంచి వచ్చేది. కూరగాయల పళ్ళెం తెచ్చుకుని గట్టు మీద కూర్చుని తరిగేది. ఆ గదిలోకి నేను వెళ్ళేవాణ్ణి కాదు గానీ, వాళ్ళ మాటలు గాజు దాటి నా ఆఫీసు గదిలోకి వచ్చేవి.

"నీళ్ళల్ల ఉంటే పడుసుపిల్ల లెక్కనే ఉంటవమ్మా. గడ్డకొస్తేనే ముసల్దానివైతవ్."

"అందుకే గడ్డెక్కబుద్ధి కాదే. అన్నం ఇక్కడికే పట్టుకురా."

"నీళ్ళల్ల నిలబడి తింటవా? చేప లెక్కనా?"

"చేపలే నయం. వాటికి మోకాళ్ళు లేవు. నువ్వూ దిగరాదూ, నేర్పిస్తాను."

"అమ్మో, నేను రాను. మా ఆయనకు తెలిస్తే జాన్ తీస్తడు."

"మీ ఆయనకి ఈతొచ్చా?"

"రాదు."

"మరింకేం, నీళ్ళలోనే ఉండిపో. రాలేడుగా!"

యాదమ్మ నవ్వు, ఆవిడ నవ్వు. ఆ శివరాత్రికి ఆవిడ మెట్లు ముందుకు తిరిగి దిగింది. రెయిలింగు పట్టుకునే దిగింది గానీ, ముందుకు తిరిగి దిగింది. సుజాత కింద నిలబడి కళ్ళు తుడుచుకుంది. అత్తగారు కూతురితో, "ఏడవకే, ఇవేం పరాయివాళ్ళ కాళ్ళు కావు. నావే," అంది.

గది సంగతి నా మిత్రుడి ద్వారా ఫిలింనగర్‌లో పాకింది. ఒక ప్రొడక్షన్ మేనేజరు వచ్చి చూసి, "అదిరింది సార్. బయట ఎక్కడా ఇలాంటి లొకేషన్ లేదండీ. ఒక్క రోజు ఇప్పించండి," అన్నాడు. ఇచ్చాను. నాకు డబ్బు అవసరం లేదు. మా కాలేజీ రోజుల్లో ఫిలింనగర్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ గేట్లలోంచి తొంగిచూసేవాళ్ళం, వాచ్‌మెన్లు అదిలించేవారు. ఇప్పుడు ఆ సినిమావాళ్ళే నా గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు కావలసింది అది.

ఆ మొదటి షూటింగు ఆవిడకు పండగే. సినిమాలంటే ప్రాణం. మేడ మీద కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. నాయకుడు పూల్లోకి దూకి ఈదాలి. అతనికి ఈత రాదు. దూకేది వేరే మనిషి, తలెత్తేది ఇతను. తలెత్తి మెట్టుకు వేలాడుతూ డైలాగు చెప్తున్నాడు. అత్తగారు ఓపిక పట్టలేక పైనుంచి, "మెట్టొదిలెయ్ నాయనా! గుండెలోతే! కాళ్ళు కొట్టు!" అని అరిచింది. యూనిటంతా నవ్వింది. అతనూ నవ్వాడు. పోతూ వచ్చి ఆవిడకు దణ్ణం పెట్టాడు. చాలా రోజులు ఆ మాటే చెప్పుకుంది. "చూడ్డానికి అంతవాడు గానీ, నీళ్ళంటే పిల్లికూనే పాపం."

మరుసటి కార్తీకంలో మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి పాట. పూల్ మీద గట్టి అద్దపు పలకలు పరిచి, కింద దీపాలు పెట్టి, దాని మీద నాట్యం. కొద్ది రోజుల్లో తీసేస్తామన్నాడు. "మన బ్యానర్ సినిమాలో మొదటి కార్డే మీకు కృతజ్ఞతలు వేస్తామండీ. మీ పేరు ఒక్కటే, తెర నిండా." నేను ఒప్పుకున్నాను. సుజాతను కూడా అడగలేదు.

పలకలు పరిచారు. పాటలో సగం తీశారు. అప్పుడు నాయిక కాల్షీట్లు కలవలేదు. ఆమె ఇంకో భాషలో సినిమాకు వెళ్ళిపోయింది. ఆమె తేదీలు మళ్ళీ దొరికేదాకా సెట్టు కదపడానికి వీల్లేదు. కదిపితే తీసిన సగానికీ, తియ్యబోయే సగానికీ పొంతన ఉండదు. సినిమావాళ్ళకు ఇది మామూలే. ఎవరి ఇల్లయినా సెట్టు నిలబెట్టి తాళం వేసుకుని పోతారు. మా గదికీ తాళం వేశారు. "వచ్చే వారం ఖాయమండీ," అని మేనేజరు ఫోను చేసేవాడు. ప్రతి వారమూ వచ్చే వారమే.

ఆవిడ గది గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. తరువాత మంచం పట్టె పట్టుకుని.

ఒక ఉదయం నేను బూట్లు తొడుక్కుంటున్నాను. సుజాత స్నానానికి వెళ్ళింది. అడుగుల చప్పుడు కాదు, గోడకు చెయ్యి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తలెత్తితే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నా బూట్ల వైపు చూస్తూ మాట్లాడింది.

"బాబూ."

గదిలో ఇంకెవరూ లేరు. నన్నే పిలిచింది.

"చలి ముదిరిపోయింది బాబూ. నా నీళ్ళు నాకు ఎప్పుడిప్పిస్తారు?"

నేను లేచి నిలబడ్డాను. "ఒక్క వారం అత్తమ్మా. ఫికర్ పడకుండ్రి," అన్నాను.

"సరే బాబూ," అంది. వెనక్కి తిరగడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. నేను రెండో బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

వాళ్ళ వైపు ఒక మాట ఉంది. అల్లుణ్ణి అడగకూడదు, అడిగితే ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగితే అత్తగారి పెద్దరికం పోతుంది. అంటే ఆవిడ ఇంక అడగదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి, కారెక్కాక నాకు తేలిగ్గా అనిపించింది. ఇన్నేళ్ళలో నేను చాలా తప్పులు చేశాను. కొన్నిటికి కారణాలు చెప్పగలను. ఆ తేలికకు మాత్రం చెప్పలేను.

సుజాత చెప్పింది, అరిచింది, మాట్లాడ్డం మానేసింది. "ఆ పలకలు తీయించెయ్. వాళ్ళ సినిమా ఏమైతే నీకేంటి? డాక్టరేమన్నాడో గుర్తులేదా?"

"ఆమె ఏమన్న అంటున్నదా? ఆమె మంచిగనే ఉన్నది గదా. నీకే తొందర."

"మా అమ్మ అనదు. నువ్వు ఆ ధైర్యంతోనే ఉన్నావు."

అది నిజం కాబట్టి నేను తలుపు వేసుకుని ఆఫీసు గదిలో కూర్చున్నాను. ఆ గదిలోకి ఇప్పుడు నవ్వులేమీ రావడం లేదు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మేనేజరు బతిమాలేవాడు, కాస్త విసుక్కునేవాడు, మనుషుల్ని పంపి తీయించేవాడు. మొదటి కార్డు పోయేది. అంతే.

నాయిక తేదీలు మాఘమాసం దాటాక దొరికాయి. పాట పూర్తయింది. పలకలు తీశాక చూస్తే నీళ్ళ నిండా రంగు, నూనె, దీపాల తీగలు. నీళ్ళన్నీ తోడించి, గోడలు గీయించి, కొత్త నీళ్ళు పట్టేసరికి ఎండలు ముదిరాయి. నేనే వెళ్ళి ఆవిడ గది గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, నీళ్ళు తయారైనయ్," అన్నాను.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. యాదమ్మను పిలిచి, ఆమె భుజం పట్టుకుని వెళ్ళింది. నేను దూరంగా ఉన్నాను. కాసేపటికే తిరిగి వచ్చేశారు. చీర పాదాల దగ్గర మాత్రమే తడిసింది. మెట్టు దిగాలంటే మోకాలు వంగాలి, తరువాత చాచాలి. వంగింది గానీ చాచడం రాలేదట. యాదమ్మ ఎత్తుకుని దించుతానంటే వద్దందట.

ఆవిడ సుజాతతో, "అలవాటు తప్పిపోయిందే. అల్లుడుగారితో చెప్పు, పాపం కడిగించారు కదా, యాదమ్మ దిగి నేర్చుకుంటుందేమో," అంది.

అందులో వెటకారం ఉందేమోనని నేను చాలాసార్లు వెతికాను. ఉంటే నాకు బాగుండేది.

సినిమా ప్రివ్యూ ఫిలింనగర్‌లోనే వేశారు. ఆవిడకు చూడాలని ఉంది. అక్కడి మెట్లు ఎక్కలేనని ఆగిపోయింది. సుజాత కూడా రాలేదు. నేను ఒక్కణ్ణే కూర్చుని చూశాను. తెర నిండా నా పేరు వచ్చింది. చదివేలోపే పోయింది. వెనకసీటులో ఎవరో చిప్స్ పొట్లం చించారు. ఇంటికి రాగానే అత్తగారు లోపలి నుంచి, "సుజాతా, అల్లుడుగారి పేరు పెద్ద అక్షరాలతో వేశారా కనుక్కోవే," అంది. గొంతులో నిజమైన సంతోషం ఉంది. సుజాత నన్ను కనుక్కోలేదు. నేను, "వేసిన్రు అత్తమ్మా," అన్నాను గోడకు ఇవతలి నుంచి. "శుభం," అని వినిపించింది.

ఆ తరువాత ఆవిడ బతికిన కాలమంతా మంచానికీ కుర్చీకీ మధ్యే. మజ్జిగ సంగతి కనుక్కోవడం మానలేదు. యాదమ్మతో తగువులు మానలేదు. ఎవరైనా మోకాళ్ళ గురించి అడిగితే మాట మార్చేసి నాయకుడు మెట్టుకు వేలాడిన కథ చెప్పేది. గుండె ఆగి నిద్రలోనే పోయింది. కాళ్ళ వల్ల పోలేదు. డాక్టరు కూడా అదే చెప్పాడు. చాలా రోజులు ఆ ఒక్క మాటను పట్టుకుని ఉన్నాను.

ఆడవాళ్ళు స్నానం చేయించడానికి లోపలికి తీసుకెళ్ళారు. నేను వరండాలో నిలబడ్డాను. చాలాసేపైంది. లోపల గుసగుసలు. తలుపు కొంచెం తెరుచుకుంది. సుజాత పిన్ని ఎవరితోనో, "చాచడం రావట్లేదే, ఎంత నొక్కినా," అంటోంది.

యాదమ్మ గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "గట్ల ఒత్తకుండ్రమ్మా, నొస్తది. జరసేపు నీళ్ళల్ల ఉంచుదుమా? నీళ్ళల్ల అయితే సాగుతయ్."

తలుపు మూశారు.

బయటికి తెచ్చి పాడె మీద పడుకోబెట్టారు. గుడ్డ కప్పారు. మోకాళ్ళ దగ్గర గుడ్డ పైకి లేచి ఉంది. పూలదండలు అక్కడ పెడితే నిలవక జారిపోతున్నాయి. ఎవరో మళ్ళీ సర్దారు. మళ్ళీ జారాయి. కర్మ చెయ్యడానికి ఊరి నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు నా పక్కకు వచ్చాడు. పెద్దాయన. అక్కను చూసి చాలా ఏళ్ళయింది.

"ఏంటండీ అల్లుడుగారూ," అన్నాడు, గొంతు తగ్గించి. "మా అక్కయ్య మోకాళ్ళేంటి, అలా ఉండిపోయాయి?"

సుజాత అవతలి వైపు నిలబడి ఉంది. నా జవాబు కోసం తలెత్తి చూసింది.

"పెద్ద వయసు గదండీ," అన్నాను.

నిజమేనన్నట్టు ఆయన తలూపాడు. కండువా నడుముకు బిగించుకుని, పాడె ఎత్తడానికి ముందుకు వెళ్ళాడు.